నోట్‌బుక్‌లో నాలుగో కాలమ్: ఒక బస్తీ అక్క కార్పొరేటర్ అయిన కేసు

ఈ కేసు రాయాలని చాన్నాళ్ళుగా అనుకుంటా వాయిదా వేస్తూ వచ్చా. పెద్ద కారణం ఏం లేదు, ఇందులో ఒక ముఖ్యమైన తప్పు నాది, అంతే. 2021 మార్చిలో గెలిచిన కౌన్సిల్‌కి 2026 మార్చితో ఐదేళ్ళు, ఆ లెక్క దగ్గరపడేసరికి ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు రాస్తాలే అనిపించి కూర్చున్నా.

నేను చేసే పని తిరుపతి బస్తీల్లో మహిళా సంఘాలతో. మీటింగులు పెట్టించడం, అర్జీ ఎట్లా రాయాలో చూపించడం, ఏ సమస్యకి ఏ ఆఫీసరో చెప్పడం, ఒక్కోసారి ఆఫీసు వరండాలో వాళ్ళతో పాటు కూర్చోవడం. లీడర్ని కాదు, పార్టీ లేదు. ఈ కేసులో మనిషిని అక్క అనే రాస్తా, వీధిలో అందరూ పిలిచేది అదే. పేరు, డివిజన్ నంబరు, పార్టీ ఏదీ రాయను, కొన్ని గుర్తులు కావాలనే మార్చా. రాసింది ఆమెకి చదివి వినిపించా, రెండు చోట్ల తీసెయ్యమంది, తీసేశా. ఒక చోట మాత్రం "ఇది ఉండనీ, నా తప్పు గూడా రాయి, అంతా నీ తప్పే అని రాసుకుంటే నువ్వేదో మహాత్ముడి మాదిరి ఉండాది" అంది. అందుకని అదీ ఉంది.

గోడ మీద బొగ్గు గీతలు

అక్కది పుత్తూరు వైపు పల్లె, పెళ్ళై తిరుపతికి వచ్చింది, పది దాకా చదివింది, ఆయన ఆటో తోలతాడు, ఆమె ఇంట్లో మిషన్ కుట్టేది. పొదుపు సంఘంలో లెక్కలు బాగా రాస్తది కాబట్టి లీడర్ అయ్యి, తర్వాత మెప్మాలో, అంటే పట్టణాల్లో పేదరికం తగ్గించే ప్రభుత్వ సంస్థలో, ఆర్పీ అయ్యింది. ఆర్పీ అంటే తెలియనోళ్ళకి, రిసోర్స్ పర్సన్, ఒక్కో మనిషి చేతిలో బోలెడు సంఘాలుంటాయి, వాటి పుస్తకాలు, బ్యాంకు లింకేజీ లోన్లు, కంతులు అన్నీ చూడాలి. దీనివల్ల ఏమయ్యిందంటే ఏ ఇంట్లో ఎంత అప్పుంది, ఎవరి మొగుడు తాగుతాడు, ఎవరికి కొండమీద పని దొరికింది, ఎవరి పిల్ల చదువు మానేసింది, ఇవన్నీ ఈమెకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. రాజకీయం చేసేవాళ్ళు ఓటర్ లిస్టు పట్టుకుని కుస్తీ పడతారు కదా, ఈమె దగ్గర అంతకన్నా పెద్ద లిస్టు నోటికొచ్చు.

ఆ వీధి పల్లంలో ఉంటది. తిరుపతిలో కొర్లగుంట, సింగాలగుంట, గొల్లవానిగుంట, తాతయ్యగుంట అని పేర్లు చూస్తేనే అర్థమైపోతది, ఒకప్పుడు నీళ్ళు నిలిచిన చోట్లు, మనం పూడ్చి ఇళ్ళు కట్టుకున్నాం, వానకి మాత్రం పాత అడ్రస్సే గుర్తుంది. అక్క వీధి ఈ నాలుగింట్లో ఏదీ కాదులెండి, కానీ ఆ జాతే. ఇక కుళాయి నీళ్ళ సంగతి దీనికి తలకిందులు. ఊరికి నీళ్ళు ఇటు కళ్యాణి డ్యాం నుంచి, అటు తెలుగుగంగ నుంచి వస్తాయి, ఎండాకాలం డ్యాం అడుగంటితే తెలుగుగంగే దిక్కు, రోజు మార్చి రోజు వదిలేవాళ్ళు, లైను చివర ఉన్న ఈ వీధికి వచ్చేసరికి సన్నగా కారేది.

పదేళ్ళ పైమాట, ఒక ఎండాకాలం. అప్పటికి ఆడవాళ్ళు రెండుసార్లు ఖాళీ బిందెలతో రోడ్డెక్కారు, ఫొటో పేపర్లో వచ్చింది, ఒక ట్యాంకర్ వచ్చింది, మళ్ళీ మామూలే. అప్పుడు అక్కకి ఒక ఆలోచన వచ్చింది, నేను చెప్పింది కాదు, ఆమెదే. కుళాయి పక్క గోడ మీద పొయ్యిలో బొగ్గు తీసుకుని ప్రతిసారీ మూడు రాయాలి, ఏ వారం, ఎన్ని గంటలకి వచ్చింది, ఎన్ని బిందెలకి ఆగిపోయింది. "మంగళ, 4.50, 6" ఇట్లా. ఎవరు ముందు బిందె పెడితే వాళ్ళే రాయాలి, చదువు రానోళ్ళు గీతలు గీయాలి. రెండు నెలలకి గోడ నల్లగా అయిపోయింది. ఫోన్లో ఫొటోలు తీసి ప్రింట్లు వేయించుకుని పదకొండు మంది ఆఫీసుకి పోయారు. ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, ఆ ఫొటోలని అటూ ఇటూ తిప్పి చూసి, వాల్వు తిప్పే ఆయన్ని పిలిపించి కూర్చోబెట్టుకున్నాడు. తేలిందేంటంటే నీళ్ళు వదిలే టైమ్ సరిగ్గానే ఉంది, పై వీధిలో ఇళ్ళవాళ్ళు కుళాయి లైనుకే నేరుగా మోటార్లు బిగించి లాగేస్తున్నారు, ఆ మోటార్లు ఆగినాకే కింద వీధికి చుక్క దిగేది. బొగ్గు గీతల్లో ఆ గంట తేడా కనపడింది.

ఆ తర్వాత వాళ్ళు మోటార్లున్న ఇళ్ళకి పోయి ధర్నా చెయ్యలా. ఒక్కో ఇంటికి నలుగురు పోయి వాకిట్లో నిలబడి, "వదినా, మీకు సంపుంది, మాకు బిందే గదా" అని అడిగారు. కొందరు తీసేశారు, తియ్యనోళ్ళ సంగతి ఆఫీసు చూసుకుంది, తర్వాత ఇంకో లైను నుంచి కనెక్షన్ కలిపారు. నా సర్వీసులో నేను చూసిన బెస్ట్ పని ఇదే, ఇప్పటికీ ట్రైనింగుల్లో ఇదే చెప్తా.

ఆ గోడే తర్వాత నోట్‌బుక్ అయ్యింది. పెద్ద సైజు లాంగ్ బుక్కు, స్కేలుతో గీసిన ఆరు కాలమ్‌లు: తేదీ, డోర్ నంబరు, సమస్య, వెంట ఎవరొచ్చారు, ఎవర్ని కలిశాం, ఏమన్నారు. నాలుగోది నేను పెట్టించింది. ఏ అర్జీకైనా సమస్య ఉన్న ఇంటివాళ్ళు కాకుండా ఇంకో ఇద్దరు వెంట రావాల్సిందే, ఒంటరిగా అక్క పోకూడదు, అది రూలు. ఆరో కాలమ్ చదివితే నవ్వొస్తది, సగం ఎంట్రీల్లో "శుక్రవారం రమ్మన్నారు" అనే ఉంటది.

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి, లేకపోతే ఈ కేసు అర్థం కాదు. తిరుపతి మున్సిపాలిటీ 2007లో కార్పొరేషన్ అయ్యింది, కార్పొరేషన్‌కి మొదటి ఎన్నికలు జరిగింది 2021లో. అంటే మధ్యలో పద్నాలుగేళ్ళు కార్పొరేటర్ అనే మనిషే లేడు, అంతా స్పెషల్ ఆఫీసర్ల పాలన. అక్కలాంటి వాళ్ళు తయారైంది ఆ ఖాళీలోనే. మధ్యలో ఎవరూ లేరు కాబట్టి నేరుగా ఏఈ దగ్గరికి, ఆయన పైన డీఈ దగ్గరికి, సోమవారం అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌కి పోవడం, పది రూపాయల ఫీజు కట్టి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టి ముప్పై రోజులు లెక్కపెట్టుకోవడం, ఇవన్నీ వీధిలో ఆడవాళ్ళకి అలవాటైపోయాయి. ప్రజాస్వామ్యం లేకపోవడమే ఒకరకంగా వాళ్ళకి ట్రైనింగ్ అయ్యింది, ఇట్లా అనకూడదు గానీ నిజం.

మూడో బిడ్డ పుణ్యమా అని

2020 మొదట్లో ఎన్నికలన్నారు, డివిజన్ మహిళకి రిజర్వు అయ్యింది. మామూలుగా అయితే ఏం జరుగుతదో మనందరికీ తెలుసు, అక్కడ పార్టీలో తిరిగే ఆయన వాళ్ళావిడని నిలబెడతాడు, ఆమె ఫ్లెక్సీలో ఉంటది, ఈయన ఆఫీసులో ఉంటాడు. ఇక్కడా ఒకాయన రెడీగా ఉన్నాడు, చాలా ఖర్చు కూడా పెట్టుకున్నాడు. కానీ ఆయనకి ముగ్గురు పిల్లలు, అప్పట్లో ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి అనర్హులనే రూలు మన రాష్ట్రంలో ఉంది, 2024 నవంబర్‌లో గానీ అసెంబ్లీ దాన్ని తీసెయ్యలా. దాంతో పార్టీవాళ్ళు వెతుక్కుంటూ అక్క ఇంటికొచ్చారు. ఆ మూడో బిడ్డ లేకపోయుంటే ఈ కేసే లేదు.

నామినేషన్లకి మూడు రోజులే, మార్చి 11 నుంచి 13. అక్క నాకు ఫోన్ చేసి "తమ్ముడూ, ఏం చేద్దామంటావు?" అంది. నేను గంట కూడా ఆలోచించలా, "నిలబడక్కా, బయట నిలబడి అడిగేదాని కన్నా లోపల కూర్చుని చేయించొచ్చు గదా" అన్నా. చాలా తెలివైన మాట అనుకున్నా అప్పుడు. ఆర్పీ పని వదిలేసింది, పార్టీ టికెట్ ఇచ్చినట్టు బీ-ఫారం వచ్చింది, 13న నామినేషన్ వేసింది.

15వ తేదీ రాష్ట్ర ఎన్నికల కమిషనర్ కరోనా అని ఎన్నికలు వాయిదా వేశారు.

ఇంక అక్కడి నుంచి ఒక సంవత్సరం, ఆమె ఏదీ కాదు. ఆర్పీ కాదు, ఆ పుస్తకాలు ఇంకో అమ్మాయికి పోయాయి, గౌరవ వేతనం పోయింది. కార్పొరేటరూ కాదు. మామూలు మనిషి కూడా కాదు, ఎందుకంటే నామినేషన్ లైవ్‌లో ఉంది, అభ్యర్థి. ఈ ఏడాది గురించి ఎవరూ పట్టించుకోరు గానీ నా ఉద్దేశంలో ఆమె మారింది గెలిచాక కాదు, ఈ ఏడాదిలోనే.

లాక్‌డౌన్‌లో బియ్యం, కూరగాయలు పంచాలి. మునుపైతే వీధి మొత్తం మీద చందా వేసుకుని, ఎవరికి అవసరమో నోట్‌బుక్ చూసి ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు పార్టీవాళ్ళు సంచులు పంపించారు, సంచి మీద బొమ్మ, ఇచ్చేటప్పుడు ఫొటో. అక్క మొదటి రోజు ఫొటో వద్దంది, రెండో రోజు పక్కకి నిలబడింది, నాలుగో రోజుకి తనే సంచి బొమ్మ కనపడేలా తిప్పి పట్టుకుంది. నేను అక్కడే ఉన్నా, ఆ తిప్పడం చూశా, ఏం అనలా. ఆకలిగా ఉన్న ఇంటికి బియ్యం పోతున్నాయి కదా, బొమ్మతో మనకేం పని అనుకున్నా. ఇప్పటికీ అది తప్పని గట్టిగా చెప్పలేను. కానీ సంచులు పంచిన లిస్టు నోట్‌బుక్‌లో లేదు, పార్టీ ఆఫీసు ఫోన్లో ఉంది.

ఆదాయం లేదు, ఆటో తిరగట్లా, ఒక గొలుసు బ్యాంకులో పెట్టింది, అయినా రోజుకి పాతిక మంది వాకిట్లో. అంతకుముందు ఏడాదే, 2019 అక్టోబర్ 2న, వార్డు సచివాలయాలు వచ్చాయి, యాభై నుంచి వంద ఇళ్ళకో వాలంటీరు, పింఛన్ ఒకటో తేదీ పొద్దున్నే ఇంటికే. మంచిదే, ముసలివాళ్ళు క్యూలో నిలబడే బాధ తప్పింది. కానీ అర్జీ పెట్టుకోవడం, నలుగురు కలిసి పోవడం అనే అవసరం చాలావరకు పోయింది, ఎవరి పని వాళ్ళు ఫోన్లో చెప్పుకుంటే చాలు. నాలుగో కాలమ్ అప్పుడే పలచబడటం మొదలైంది, నేను గమనించలా.

2021 మార్చి 10న పోలింగ్, 14న లెక్కింపు. ఆ ఎన్నికల్లో చాలా డివిజన్లు ఏకగ్రీవం, అక్క దాంట్లో మాత్రం పోలింగ్ జరిగింది, బాగానే గెలిచింది. గెలిచిన రోజు సాయంత్రం టీ బంకు ఆయన, పదిహేనేళ్ళుగా "ఏం అక్కా, టీ పెట్టేదా" అనే మనిషి, లేచి నిలబడి "మేడం, రండి" అన్నాడు. అక్క నవ్వి "ఎవుర్రా మేడం" అంది. నెల తర్వాత పోతే ఎవరూ నవ్వట్లేదు, అందరూ మేడమే.

లోపల

మొదటి కౌన్సిల్ మీటింగ్ అయ్యాక రాత్రి ఫోన్ చేసింది. "ఏం తమ్ముడూ, ఐటమ్ అంటే ఏందబ్బా, ఐటమ్ నంబర్ ఒకటి అంటారు, ఆమోదం అంటారు, బల్లలు గొడతారు, రెండు అంటారు, మళ్ళా గొడతారు, నేను గూడా కొట్టేసినా, దేనికి కొట్టినానో తెల్దు."

అప్పుడు మేమొక పని మొదలుపెట్టాం. అజెండా కాపీ చేతికి రాగానే ఒక సాయంత్రం ఇద్దరం కూర్చుని లైను లైను చదవడం. ఇది బాగా పనిచేసింది, ఈ కేసులో మెచ్చుకోదగ్గ భాగం ఏదైనా ఉంటే ఇదే. ఆమెకి ఇంగ్లీషు మాటలు అడ్డం గానీ డోర్ నంబర్లు అడ్డం కాదు. ఒకసారి సిమెంటు కాలువ పనికి ఎస్టిమేట్ ఉంది, ఫలానా డోర్ నంబరు నుంచి ఫలానా డోర్ నంబరు వరకు అని. నేను రూపాయలు చూస్తున్నా, ఆమె వేలు డోర్ నంబర్ల దగ్గర ఆగింది. "ఈడ నుంచి వేపచెట్టు దాకా కాలవ ఉండాదే, మొన్ననే గదా కట్టినారు, చెట్టు నుంచి కిందికే లేంది." పాత వివరాలతో తయారైన ఎస్టిమేట్, ఆమె చెప్తే ఇంజనీర్లు వచ్చి చూసి సరిచేశారు, మిగిలిన డబ్బులో పక్క సందు కూడా వచ్చింది. ఇంజనీరింగ్ చదివినోళ్ళకి దొరకనిది ఆమెకి దొరికింది, ఎందుకంటే ఆ కాలువ పక్కనే ఆమె ఏళ్ళ తరబడి నడిచింది.

కానీ చట్టం అసలు ఏం చెప్తదో కూడా ఆమెకి అప్పుడే చెప్పాల్సొచ్చింది. కార్పొరేషన్‌లో అధికార వ్యవస్థలు మూడు: కౌన్సిల్, స్టాండింగ్ కమిటీ, కమిషనర్. పని చేయించే అధికారం కమిషనర్‌ది. ఒక్క కార్పొరేటర్‌కి, ఒంటరిగా, ఒక వీధి లైటు మార్చమని ఆర్డర్ వేసే పవర్ కూడా లేదు. కౌన్సిల్‌లో మాట్లాడాలి, ఓటెయ్యాలి, ప్రశ్న అడగాలి. మిగతాదంతా పలుకుబడి. వీధిలో జనం మాత్రం "మన అక్కే గదా గవర్నమెంటు ఇప్పుడు" అనుకున్నారు.

మా గంగ జాతర తెలిసినోళ్ళకి ఒక పోలిక చెప్తా. మేలో తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వేషం కట్టినోడు ఎవరినైనా ఎంత మాటైనా తిట్టొచ్చు, పెద్దమనుషులు కూడా నవ్వుకుంటా పోతారు, తిట్టించుకోవడం మంచిదంటారు. బస్తీలో పోరాడే మనిషికి అట్లాంటి స్వేచ్ఛే ఉంటది, ఏఈని అడ్డంగా నిలదీసినా "ఆమె అంతేలే" అనుకుంటాడు, ఫైలు కదిలిస్తాడు. అదే మనిషి కార్పొరేటర్ కుర్చీలో నుంచి అదే మాట అంటే అది కంప్లైంట్, పార్టీలో పంచాయతీ, పై నుంచి ఫోన్. వేషం తీసేశాక అదే తిట్టు తిడితే దెబ్బలే గదా. అక్క ఆ తేడా చాలా త్వరగా పసిగట్టింది, పసిగట్టి నెమ్మదించింది.

కాలువ పై నుంచి తియ్యకూడదు

2021 నవంబర్ 18, 19. తిరుపతిలో ఉన్నోళ్ళెవరూ మర్చిపోరు. కపిలతీర్థం దగ్గర కొండ మీద నుంచి నీళ్ళు బురద రంగులో విరుచుకుపడ్డాయి, ఘాట్ రోడ్లు మూసేశారు, ఊళ్ళో అండర్ బ్రిడ్జిలు మునిగిపోయాయి, తర్వాత వారం రాయలచెరువు గట్టు తెగుతుందేమోనని కింద పల్లెలన్నీ ఖాళీ చేయించారు. శ్రీకృష్ణానగర్‌లో ఒక ఇంట్లో సిమెంటు రింగుల సంపు అట్లే భూమిలోంచి పైకి లేచి నిలబడిందే, దేశమంతా వీడియో చూసింది.

అక్క వీధిలో నడుము లోతు. ఆ రాత్రి ఆమె మునుపటి అక్కే. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, టార్చి పట్టుకుని, ఏ ఇంట్లో మంచం పట్టిన ముసలామె ఉందో, ఏ ఇంట్లో బాలింత ఉందో నోట్‌బుక్ లేకుండానే చెప్పి ఒక్కొక్కర్నీ మేడల మీదికి ఎక్కించింది. తెల్లారి పాలు, టిఫిన్లు, జేసీబీ. దీంట్లో వంక పెట్టేదేం లేదు.

వంక తర్వాత. నీళ్ళు ఎందుకు నిలిచాయో అందరికీ తెలుసు. వీధి పొడుగునా వర్షపు కాలువ ఉంది, దాని మీద ప్రతి ఇంటివాళ్ళూ మెట్లు కట్టుకున్నారు, బండి ఎక్కడానికి ర్యాంపులు పోసుకున్నారు, కొందరు ఏకంగా బాత్రూములు కట్టారు. అక్కింటి మెట్లు కూడా కాలువ మీదే. కాలువ చివర, కింద, అన్నిటికన్నా పెద్ద ర్యాంపు ఉండేది పొదుపు సంఘాల సమాఖ్యలో అక్కతో పాటు ఇరవై ఏళ్ళు తిరిగిన వదినది. ఎన్నికల్లో ఇంటింటికీ తిరిగి ఓట్లు వేయించింది ఆ వదినే.

కాలువ మీదవి తీసెయ్యాలి అని ఆఫీసులో అనుకున్నారు, కార్పొరేటర్ సహకరించాలి అన్నారు. అక్క సంక్రాంతి పోనీ అంది, తర్వాత జాతర పోనీ, తర్వాత పిల్లోళ్ళ స్కూళ్ళు తెరవనీ. ఏడాదిన్నర గడిచింది. నేను రెండుసార్లు గుర్తుచేశా, రెండోసారి కోప్పడింది, "నువ్వు సాయంత్రానికి మీ ఇంటికి పోతావు తమ్ముడూ, నేను ఈన్నే ఉండాల."

2023లో ఎట్టకేలకి మొదలుపెట్టారు, పై నుంచి. మొదట తన మెట్లే తీయించింది, వీడియో తీశారు, అందరూ మెచ్చుకున్నారు. ట్రాన్స్‌ఫార్మర్ దాకా వచ్చి పని ఆగిపోయింది. దాని కింద వదిన ర్యాంపు.

కాలువ పని తెలిసిన మేస్త్రి ఎవరైనా చెప్తాడు, ఎప్పుడూ కింద నుంచి తీసుకుంటా పైకి రావాలి. పైన బాగుచేసి కింద వదిలేస్తే పై నీళ్ళు ఇంకా స్పీడుగా వచ్చి కిందోళ్ళ ఇళ్ళల్లో నిలబడతాయి. అదే జరిగింది, ఆ డిసెంబర్‌లో మిచాంగ్ తుపానుకి పై సగం ఆరిపోయింది, కింద సగం అంతకుముందు అంత వానకి మునగని ఇళ్ళు కూడా మునిగాయి. అక్కకి ఈ సంగతి తెలీక కాదు, బాగా తెలుసు. ఆమె ఉంచమన్న భాగం ఇదే.

ఆ తుపాను మర్నాడు ఆమెని ఇంట్లో కలిశా. మేడ మీద తడి బట్టలు ఆరేస్తా ఉంది. చాలాసేపు ఏం మాట్లాడలా, తర్వాత "ముందర మాదిరైతే ఈ పాటికి రోడ్డు మీద కూసుని ఉందును. ఇప్పుడు ధర్నా చెయ్యాలంటే ఎవురింటి ముందర కూసునేది, మా ఇంటి ముందరేనా?" అంది.

నా లెక్క

ఆ రోజే నోట్‌బుక్ అడిగి తీసుకుని ఇంటికెళ్ళి మొదటి నుంచి చదివా. ఎన్నికల ముందు పేజీల్లో నాలుగో కాలమ్ కిక్కిరిసి ఉంటది, పేర్లు పట్టక పక్కకి, నిలువుగా, మార్జిన్‌లో కూడా రాశారు. 2020 మధ్య నుంచి రెండు పేర్లు, ఒక పేరు. 2021 ఏప్రిల్ నుంచి ఖాళీ. ఎంట్రీలు తగ్గలా, పెరిగాయి, పనులు కూడా ఎక్కువే అయ్యాయి, మునుపు ఏడాదికి అయ్యేవి మూడు నెలల్లో అయిపోయాయి. కానీ వెంట ఎవరూ లేరు. జనం వచ్చి "అక్కా, లైటు పోయింది" అని చెప్పి ఇంటికి పోతున్నారు, ఆమె ఫోన్ చేస్తుంది, లైటు వస్తది. వాళ్ళు ఆఫీసు మెట్లెక్కి ఎన్నాళ్ళయ్యిందో. ఏఈ మారిపోయాడు, కొత్తాయన పేరు వీధిలో ఎవరికీ తెలీదు.

అట్లాంటప్పుడు కార్పొరేటర్ ఒక పని చెయ్యకపోతే ఆమెని అడిగే మనిషి వీధిలో మిగల్లా. కాలువ ఏడాదిన్నర ఆగినా ఒక్కరు అర్జీ పెట్టలేదంటే భయపడి కాదు, అలవాటు తప్పింది. అక్కని అక్కే అడగాలి, అది కుదరదు.

ఇప్పుడు నా తప్పు. మార్చి 2020లో నేను చెప్పాల్సింది "నిలబడు" అని ఒక్కటే కాదు, "నోట్‌బుక్ ఎవరికిస్తావో చెప్పి నిలబడు" అని. ఆ రెండు మూడు రోజుల్లో ఆర్పీ పుస్తకాలు వేరే అమ్మాయికి సంతకాలతో సహా అప్పజెప్పించారు, ప్రభుత్వ పద్ధతి అది. మా పోరాట పుస్తకానికి ఆ మాత్రం పద్ధతి కూడా మేం పెట్టుకోలా. దానికన్నా పెద్దది ఇంకోటుంది. గెలిచినప్పటి నుంచి నేను కూర్చున్నది అక్క పక్కన, అజెండాలు చదువుతా. వీధి మీటింగులు ఎప్పుడు ఆగిపోయాయో నాకే తెలీదు. ఆమె ఒక్కతే కాదు, నేనూ కౌన్సిల్‌కి పోయా, ఎన్నిక కాకుండానే.

కొందరు ఫ్రెండ్స్ అంటారు, వార్డు కమిటీలు ఉంటే ఈ సమస్య రాదని. కావచ్చు. రాజ్యాంగం 243ఎస్ ప్రకారం వార్డు కమిటీలు తప్పనిసరి అయ్యేది 3 లక్షల జనాభా నుంచి, 2011 లెక్కల్లో తిరుపతి కార్పొరేషన్ దానికి కాస్త కిందే ఆగింది. ఆ తర్వాత ఊరు ఎంత పెరిగిందో కరకంబాడి రోడ్డు మీద ఒకసారి పోయొస్తే చాలు. కానీ మా వీధికి కమిటీ అనేది ముందే ఉంది, జీవో లేకుండానే, బొగ్గుతో గోడ మీద. దాన్ని మేమే చెరుపుకున్నాం.

2024లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది, వాలంటీర్ల పని ఆగిపోయింది, కౌన్సిల్‌లో కూడా అటూ ఇటూ మారినోళ్ళు మారారు. అక్క ఏం చేసిందో రాయను, అదే ఆమె తీసెయ్యమన్న రెండింట్లో ఒకటి. కానీ వాలంటీర్లు లేకపోయేసరికి జనం మళ్ళీ వాకిళ్ళల్లోకి వచ్చారు, నాకు అది కలిసొచ్చింది. కింద సగం ఇళ్ళవాళ్ళతోనే మొదలుపెట్టా. సచివాలయం దగ్గర జిరాక్స్ షాపులో పనిచేసే పిల్ల ఒకత్తుంది, డిగ్రీ మధ్యలో ఆపేసింది, చేతిరాత అచ్చు గుద్దినట్టు ఉంటది, మిచాంగ్‌కి వాళ్ళ ఫ్రిజ్జు పోయింది. కొత్త లాంగ్ బుక్కు కొని ఆరు కాలమ్‌లు ఆ పిల్లే గీసింది. ఈసారి అజెండాలు చదవడానికి అక్క దగ్గరికి నేను పోవట్లేదు, ఆమె కొడుకు చదివి పెడుతున్నాడు. ఇప్పుడు వేరే బస్తీల్లో ఎవరైనా పోటీ చేస్తానంటే నేను ముందు అడిగేది పార్టీ కాదు, డబ్బు కాదు, పుస్తకం ఎవరి చేతికి పోతుంది అని, ఇద్దరి పేర్లు చెప్పేదాకా సలహా ఇవ్వను. మొన్న ఒకామెకి ఇట్లా అంటే అలిగి వెళ్ళిపోయింది, ఫోన్ ఎత్తట్లేదు.

పోయిన నెల ఆ కొత్త బుక్కులో ఒక పేజీ ఫొటో తీసుకున్నా. సమస్య: కాలువ, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కిందికి. వెంట వచ్చినవాళ్ళు: ఏడు పేర్లు, ఏడోది సమాఖ్య వదినది, ఆమె ర్యాంపు సంగతేంటని ఆ పిల్లని అడిగితే "ఆమె నీళ్ళు ఆమింట్లోకే వస్తాండాయి గదన్నా" అంది. ఎవర్ని కలిశాం: కార్పొరేటర్ అక్క. ఏమన్నారు: శుక్రవారం రమ్మన్నారు. పక్కన ఎర్ర పెన్నుతో, మూడోసారి.

ఆ ఫొటో అక్కకి చూపించా. కళ్ళజోడు పెట్టుకుని, ఫోన్ దూరంగా పట్టుకుని, పేర్లన్నీ ఒక్కొక్కటే చదివింది, వదిన పేరు దగ్గర కాస్త ఆగింది.

"శుక్రవారం అని చెప్పలేదే నేను," అంది. "సోమవారం అని గదా చెప్పినా. ఆ పిల్లకి చెప్పు, సరిగ్గా రాసుకోమని."